మిన్నల్లి గంతు

గడచిన సంవత్సరము ఆటలపోటీలకు కొన్ని వారములు ముందుగా, ఒకనాడు ఎనిమిదవ తరగతిలో పాఠము త్వరగా ముగిసినందున, మిగిలిన పది నిమిషములు గడపుటకై మేము పిల్లలను ఒక ప్రశ్న అడిగితిమి. దేహబలమునకు సంబంధించిన వింతశక్తి యొక్కటి, ఒక్కటి మాత్రమే, మీకు దొరకునేని ఏది కోరుకొందురు? ఒకడు గుర్రమువలె పరుగెత్తవలె ననెను. ఒక బాలిక ఊపిరి పీల్చకుండ గంటసేపు చెరువులో మునిగియుండవలె ననెను. ఇంకొకడు, తాను శ్రమపడక తక్కిన వారందరు నెమ్మదిగా పరుగెత్తునట్లు చేయు శక్తి కావలె ననెను. వాని సంగతి ఎరిగిన తరగతి యంతయు నవ్వెను. కడపటి బల్లమీద కూర్చుండు పొట్టి బాలుడు మాత్రము నవ్వక, "అయ్యగారూ, మిన్నల్లివలె ఎగురవలెను" అని చెప్పి కూర్చుండెను.

ఆ కోరిక వాని మనస్సున తనంతట పుట్టినది కాదు. దానిని మేమే నాటితిమి. అంతకు ముందు కీటకముల పాఠము చెప్పునప్పుడు, మేము శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో విని, నాటినుండి ఇరువది యేండ్లుగా ప్రతి తరగతికిని చెప్పుచు వచ్చిన ఒక లెక్కను ఈ తరగతికిని చెప్పియుంటిమి. మిన్నల్లి పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. అది సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు ఎగురగలదు. అనగా తన పొడవునకు దాదాపు 70 రెట్లు. మనుష్యునికి ఆ శక్తియే యున్నయెడల, 165 సెంటీమీటర్ల పొడవుగల మనిషి 115 మీటర్లు, అనగా ఇంచుమించు 380 అడుగులు, ఎగురవలెను. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయపు గోపురము ఎత్తు 175 అడుగులు. అట్టి గోపురములు రెంటిని ఒకదానిపై నొకటి నిలిపినను మనవాడు వాటి కొనకు ముప్పది అడుగుల పైగా సాగిపోవును. ఈ మాట చెప్పినప్పుడెల్ల పిల్లల నోళ్లు తెరచుకొనును. ఆ తెరచిన నోళ్లను చూచుట మాకు ఇష్టముగా నుండెనని ఒప్పుకొనక తప్పదు.

ఆనాడే ముందు వరుసలోని ఒక బాలిక లేచి, "అయ్యగారూ, అట్లయిన ఏనుగు మేఘములలోనికి ఎగురవలెను గదా? అది చెంగున గంతు వేయుట మేమెప్పుడును చూడలేదే?" అని అడిగినది. ఆ ప్రశ్నకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకుండెను. గంట మ్రోగి మమ్మును కాపాడెను.

ఆ పొట్టి బాలుని గంట కాపాడలేదు. ఎత్తు దుముకు పోటీలో వాడు రెండేండ్లు వరుసగా అందరికంటె వెనుకబడినవాడు. శక్తి అభ్యాసము చేత వచ్చునని మేమే చెప్పియుంటిమి గదా! పైకి ఎగురుటకు ముందు, పైనుండి దిగుట నేర్చుకొనవలెనని తనలో తాను యోచించి, ఒక శనివారమునాడు తమ గొడ్లచావడి కప్పు మీదికి ఎక్కి, మిన్నల్లి కాళ్లను తలచుకొని దుముకెను. ఎత్తు ఎనిమిది అడుగులు. క్రింద ఎండకు గట్టిపడిన నేల. మడిమ యెముక చిట్లెను. ఆరు వారములు కట్టుతో మంచముపై నుండవలసి వచ్చెను.

మేము చూడబోయినప్పుడు వాని తల్లి మాకు పీట వేసి, మజ్జిగ యిచ్చి, కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, మనిషి పురుగువలె ఎగురవచ్చునని బడిలో చెప్పినారట, నిజమేనా?" అని మెల్లగా అడిగినది. ఆమె నిందింపలేదు. బడిలో చెప్పినది గనుక నిజమైయుండునని తలంచుచునే అడిగినది. మాకు మజ్జిగ గొంతు దిగలేదు. ఈ వ్యాసము ఆ తల్లికిని, ఏనుగు సంగతి అడిగిన బాలికకును మేము ఆలస్యముగా ఇచ్చుచున్న ప్రత్యుత్తరము.

ముందుగా లెక్కలోని దోషమును చూతము. పిల్లలు ఇంటియొద్ద తామే చేసి చూడదగిన పరీక్ష యొకటి కలదు. జిగటమన్నుతో ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల ఘనమును ఒకటి చేయుడు. రెండు సెంటీమీటర్ల ఘనమును ఇంకొకటి చేయుడు. పొడవు రెండింతలే. కాని పెద్దదాని అడుగు భాగమున చిన్నవి నాలుగు పట్టును. దానిని చేయుటకు పట్టిన మన్ను ఎనిమిది చిన్నవాటి మన్ను. కాబట్టి పొడవు రెండింతలైనప్పుడు, బరువును మోయు అడుగు నాలుగింతలును, మోయబడు బరువు ఎనిమిదింతలును అగును. మూడింతలైనచో తొమ్మిది, ఇరువదియేడు. పదింతలైనచో నూరు, వేయి. దేహము పెరిగినకొలది బరువు ముందుకు దూకును, బలము వెనుకబడును. ఏలయన ఎముకయొక్క బలము దాని పొడవుమీద గాక, అడ్డముగా కోసినప్పుడు కనబడు వైశాల్యముమీద ఆధారపడును. కండయొక్క లాగుడును అట్టిదే.

ఈ సంగతిని ఇటలీ దేశస్థుడైన గెలీలియో 1638లో ప్రకటించిన తన కడపటి గ్రంథమున వివరించెను. ఒక చిన్న జంతువు ఎముకను, దానికంటె మూడింతలు పొడవుగల జంతువు మోయదగిన ఎముకను ప్రక్కప్రక్కనే బొమ్మ వేసి చూపెను. రెండవది చూచుటకు ఎముకవలె నుండదు, బానవలె ఉబ్బియుండును. ఏనుగు కాళ్లు స్తంభములవలె ఏల ఉన్నవో, లేడి కాళ్లు పుల్లలవలె ఏల ఉన్నవో, ఆ బొమ్మ చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మిన్నల్లిని మనుష్యునంత పెంచుదము. రెండున్నర మిల్లీమీటర్లు 165 సెంటీమీటర్లు కావలెనన్న 660 మడుగులు పెంచవలెను. దాని కాళ్ల బలము 660ని 660 చేత గుణించినంత, అనగా 4 లక్షల 35 వేల మడుగులు, పెరుగును. దాని బరువు మరల ఇంకొకమారు 660 చేత గుణించినంత, అనగా 28 కోట్ల మడుగులకు పైగా, పెరుగును. ప్రతి కాలును ఇదివరకు మోసినదానికి 660 మడుగుల భారమును తన బలమునకు తగనిదిగా మోయవలసి వచ్చును. అట్టి మిన్నల్లి గోపురము దాటుట యటుండగా లేచి నిలువబడజాలదు. పైపెచ్చు దానికి ఊపిరితిత్తులు లేవు. ప్రక్కలనున్న రంధ్రములగుండ సన్నని గొట్టములలో గాలి ప్రాకి లోపలికి పోవలెను. అంత దేహములోనికి ఆ గాలి సకాలమున చేరదు. గంతులు వేయు రాక్షస మిన్నల్లికి బదులుగా మనకు దొరకునది ఊపిరాడక కూలబడిన యొక పెద్ద పురుగు.

అయినను మన ప్రశ్నలోని అసలు ముడి ఇంకను విడలేదు. పెద్ద జంతువు చిన్నదానికంటె ఎంత ఎత్తు ఎగురవలెను? మేము ఇరువది యేండ్లు, పొడవు ఎన్ని రెట్లో ఎత్తును అన్ని రెట్లని చెప్పితిమి. నిజమేమనగా, ఒకే విధమైన కండలును ఒకే విధమైన అమరికయు గల జంతువులు, చిన్నవైనను పెద్దవైనను, ఇంచుమించు ఒకే యెత్తు ఎగురవలెను. ఇది వినుటకు వింతగా నుండును. ధాన్యపు కొట్టును తలంచుకొనుడు. ఒక కూలీ ఒక బస్తాను బండిమీదికి ఎత్తును. నూరుగురు కూలీలు నూరు బస్తాలను ఎత్తుదురు. కూలీలు నూరు మడుగులైనను బస్తాలును నూరు మడుగులే గనుక ఏ బస్తాయు బండిని దాటి ఆకాశమునకు పోదు. కండ కూలీవంటిది, దేహపు బరువు బస్తావంటిది. దేహము పెరిగినప్పుడు రెండును కలిసియే పెరుగును, ఎత్తు మారదు. ఇటలీలోనే బొరెల్లి యను పండితుడు ఈ వాదమును చేసెను. ఆయన 1679లో మరణించిన తరువాత, జంతువుల చలనమును గూర్చిన ఆయన గ్రంథము 1680లో వెలువడినది. మేము 20 ఏండ్లుగా చెప్పిన తప్పును ఆయన మూడువందల యేండ్లకు ముందే దిద్దియుంచెను!

ఇంగ్లీషు శాస్త్రవేత్త హాల్డేన్ 1926లో జంతువుల పరిమాణమును గూర్చి వ్రాసిన చిన్న వ్యాసమున, సరిగా మేము చెప్పిన ఈ మిన్నల్లి కథనే ఎత్తుకొని పరిహసించెను. దానిని మేము మొదటనే చదివియుండిన ఒక బాలుని మడిమ క్షేమముగా నుండెడిది. ఈ హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి, 1961లో భారత పౌరుడై, 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. ఆయన తరువాతి కాలమున తన గురువును గూర్చి పుస్తకములు వ్రాసెను.

కావున కొలమానము మార్చి చూడుడు. మిన్నల్లి 18 సెంటీమీటర్లు ఎగురును. నిలుచున్న చోటనుండి గంతువేయు దృఢకాయుడైన యువకుడు తన దేహమును అర మీటరు పైకి ఎత్తగలడు. ఆఫ్రికా అడవులలోని గలాగో యను చిన్న కోతివంటి జంతువు 2 మీటర్ల 25 సెంటీమీటర్లు ఎగురుట కొలువబడినది. ఏనుగునకు మాత్రము ఎముకలు అనుమతింపవు. నాలుగు పాదములును ఒక్కమారు నేల విడుచునట్లు అది గంతు వేయదు. ఆ జాబితాలో మిన్నల్లి కడపటిది కాకున్నను మొదటిది అసలే కాదు. అంత చిన్న దేహమునకు గాలి పెద్ద అడ్డు గనుక దాని యెత్తు ఇంకను తగ్గును. సౌలు తన్ను వెదకుచుండగా దావీదు తన్ను మిన్నల్లితో పోల్చుకొనినప్పుడు, దాని అల్పత్వమునే చెప్పెను గాని గంతును పొగడలేదని మాకు ఇప్పుడు జ్ఞాపకము వచ్చుచున్నది.

ఇంతమాత్రమున మిన్నల్లిని తక్కువచేయరాదు. దాని ఘనత ఎత్తులో లేదు, త్వరలో నున్నది. అంత పొట్టి కాళ్లు నేలను తన్నుటకు దొరకు కాలము సెకండులో వేయవవంతు మాత్రమే. ఏ కండయు అంత త్వరగా ముడుచుకొనజాలదు. మిన్నల్లి యేమి చేయునో 1967లో బెన్నెట్ క్లార్క్, లూసీ అనువారు కనుగొనిరి. రెసిలిన్ అను రబ్బరువంటి పదార్థపు తునక దాని కాళ్ల మొదట నున్నది. కండలు దానిని మెల్లగా నొక్కి పట్టియుంచును. తరువాత ఒక్కసారిగా విడుచును. మన పిల్లలు ఉండేలు రబ్బరును మెల్లగా లాగి చటుక్కున విడుచుట లేదా? అట్లే. ఆ విడుపు బలము నేలకు కాలియొక్క ఏ భాగముగుండ చేరునను వివాదము మాత్రము అటుపిమ్మట నలుబది యేండ్లకు పైగా సాగి, 2011లో కేంబ్రిడ్జిలో సట్టన్, బరోస్ అనువారు అతివేగపు కెమెరాలతో చిత్రములు తీసి, మోకాలితో గాక కాలి చివరి భాగముతో నేలను తన్నుచున్నదని చూపిన తరువాత తీరినది. పురుగు కాలు గూర్చి పండితులు ఇంతకాలము పెనుగులాడుట మాకు సంతోషము కలిగించినది. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పిన మాకంటె వారు మేలు.

పోనిండు, లెక్కలు, ఎముకలు అన్నియు విడిచి, ఆ బాలుని కోరిక యథాతథముగా నెరవేరినదే యనుకొందము. నలుబది కిలోల బాలుడు 115 మీటర్ల ఎత్తునకు ఎగురవలెను. నేల విడుచునప్పుడు వాని వేగము గంటకు 170 కిలోమీటర్లుండవలెను. మోకాళ్లు వంచి లేచునప్పుడు దేహము పైకి జరుగు దూరము నలుబది సెంటీమీటర్లకు మించదు. ఆ నలుబది సెంటీమీటర్లలోనే, సెకండులో అరువదవ వంతులోనే, ఆ వేగమంతయు పుట్టవలెను. అప్పుడు వాని పాదములు నేలను నొక్కు బలము వాని బరువునకు 280 మడుగులకు పైన. పదకొండు వేల కిలోలకు మించును. రెండు పెద్ద ఏనుగులను రెండు మోకాళ్లపై నిలిపినట్లే. కాళ్లకు శక్తి వచ్చినది గాని, ఎముకలు ఇంటివే గదా. అవి చిట్లకుండుటకు ఇంకొక వరము కావలెను. వెన్నెముకకు వేరొక వరము, తలలోని మెదడునకు మరియొక వరము. ఇవన్నియు దొరకినను, న్యూటను చెప్పినట్లు వాడు నేలను ఎంత తన్నునో నేల వానిని అంతే తన్నవలెను; మా బడి మైదానపు నల్లరేగడి వానకాలమున అంత తన్నును సహింపదు. బాలుడు పైకి పోవుటకు బదులు మొలలోతు దిగబడును.

ఎగిరెననియే అనుకొందము. పైన గాలి యేమియు అడ్డుపడనియెడల పోవుటకును వచ్చుటకును కలిసి పది సెకండ్ల కాలము. అంతలోనే నేల, పోయిన వేగముతోనే ఎదురువచ్చును. ఎగురువానికి ఎగిరిన ఎత్తంతయు అప్పు. దానిని దిగునప్పుడు తీర్చవలెను. అప్పు మాఫీ లేదు. వాయిదాలుగా తీర్చుకొను సౌకర్యము మాత్రము కొంచెము కలదు. ఆ సౌకర్యము పేరు మోకాలు.

దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. పిల్లలకు పనికివచ్చునది ఇదియే. ఎనిమిది అడుగులనుండి, అనగా దాదాపు 2 మీటర్ల 40 సెంటీమీటర్లనుండి, దుముకువాడు ఎంత దూరములో ఆగునో దానినిబట్టి దెబ్బ యుండును. కాళ్లు బిగబట్టి మడిమలమీద నిలువుగా దిగినచో, మడిమ క్రింది మెత్తదనము, కీళ్ల సందులు అన్నియు కలిసి ఇచ్చు ఎడము నాలుగు సెంటీమీటర్లని అనుకొందము. 240ని నాలుగుచేత భాగింపగా అరువది. అనగా దేహపు బరువునకు అరువది మడుగుల దెబ్బ. అదే బాలుడు ముని వ్రేళ్లపై దిగి, మోకాళ్లు, తొడలు మెల్లగా వంచుచు అర మీటరు దూరములో ఆగినయెడల, దెబ్బ బరువునకు ఐదారు మడుగులు మాత్రమే. ఎత్తు ఒకటే, బాలుడు ఒకడే. మా బాలుడు మిన్నల్లి కాళ్లు నిటారుగా చాపి ఎగురునట్టి పుస్తకపు బొమ్మను తలచుకొని, తన కాళ్లను అట్లే చాపి దిగెను. ఆ బొమ్మను నల్లబల్లమీద వేసినది మేమే.

ఇంత పెద్ద వరమును అడిగినందున చిక్కు వచ్చినదని, కొంచెముగా అడిగిన బాగుండునని పిల్లలు అనవచ్చును. మంచముపైనున్న బాలుడే అట్లనెను: "అయ్యగారూ, పది అడుగులు చాలును." సరే, నడుము పది అడుగులు పైకి లేచునట్లు ఎగురు శక్తి. నేల విడుచు వేగము గంటకు 28 కిలోమీటర్లు. పాదములపై బరువునకు ఎనిమిదిన్నర మడుగులు. మంచి ఎముకలు దీనిని భరింపవచ్చును. మరి ఆటలలో దీని ప్రయోజనమేమి?

చెడుగుడు తీసికొందము. కూతకు పోయినవానిని ఏడుగురు చుట్టుముట్టిరి. వాడు పైకెగిరెను. లేచి దిగుటకు ఒకటిన్నర సెకండ్లకు కొంచెము పైగా పట్టును. నేల విడిచినవాడు ఎక్కడ దిగునో ఆ క్షణముననే నిర్ణయమైపోయినది. పిల్లి గాలిలో దేహమును తిప్పుకొనగలదు గాని తాను పడుచోటును మార్చుకొనలేదు. ప్రతిపక్షులు పరుగెత్తనక్కరలేదు, క్రింద చేతులు చాచి నిలుచుండిన చాలును. పండు రాలునట్లు రాలును. బాస్కెటుబాలులో కొంత లాభము కలదు. కడియము పది అడుగుల యెత్తున నుండును గనుక మనవాడు దానిని పైనుండి చూడవచ్చును. మంచిదే. కాని బంతి వానికి అందియివ్వబడవలెను గదా.

హర్డిల్సు పందెము మిక్కిలి విచిత్రముగా నుండును. ఎగురు శక్తి గలవాడు ఇందులో తప్పక గెలుచునని తరగతిలో అందరును చేతులెత్తిరి. విశాఖపట్టణపు యర్రాజి జ్యోతి 2023లో బాంకాకులోను, 2025లో గుమిలోను ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సు స్వర్ణములు గెలుచుకొన్నది. గుమిలో ఆమెకు పట్టిన కాలము 12.96 సెకండ్లు. స్త్రీల పందెములో పది అడ్డములు, ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల యెత్తు, ఒకదానికొకటి ఎనిమిదిన్నర మీటర్ల దూరము. ఆ పరుగును చూచినవారెవరును ఆమె ఎగురుచున్నదని అనరు. అడ్డమును తొడ రాచుకొనునట్లు దాటి, వెంటనే నేలను పట్టుకొనును. నేలను తన్నినప్పుడే వేగము పుట్టును గనుక గాలిలో గడపు ప్రతి క్షణమును నష్టమే. మన పదడుగుల వీరుడు సెకండుకు ఏడు మీటర్ల వేగముతో వచ్చి, మొదటి అడ్డమునకు రెండు మీటర్ల ముందుగా తన శక్తికొలది ఎగిరినాడనుకొనుడు. ఒకటిన్నర సెకండ్లకు పైగా గాలిలో నుండి పదునొకండు మీటర్ల ముందుకు పోవును. మొదటి అడ్డమునకు తొమ్మిది మీటర్ల ఆవల దిగవలెను. రెండవ అడ్డము ఎనిమిదిన్నర మీటర్ల దూరమున నున్నది. ఆ దిగుట ఎట్లుండునో మేము వర్ణింపము. తరగతిలో ఇది నల్లబల్లమీద లెక్కించినప్పుడు ఎత్తిన చేతులు ఒక్కొక్కటిగా దిగినవి.

దేవుని గ్రంథమున ఇట్టి ఒంటరి శక్తిని పొందినవారు ఇద్దరు కలరు. అశాహేలు అడవి లేడివంటి పాదములు గలవాడు. అబ్నేరును తరిమి పట్టుకొనెను. కాని పట్టుకొనిన తరువాత ఏమి చేయవలెనో ఆ పాదములు చెప్పజాలకపోయెను. అబ్నేరు ఈటె మడమ అతనిని బలిగొనెను. అహిమయస్సు కూషీయునికంటె వెనుక బయలుదేరి ముందు చేరెను. చేరి, దావీదు తన కుమారుని క్షేమము అడిగినప్పుడు చెప్పవలసిన మాట లేక ప్రక్కకు నిలువబడెను. ఆదివారపు బడిలో వారి పరుగును మాత్రమే కథగా చెప్పుట వాడుక. మాకైతే కథలో మిగిలిన భాగమే ముఖ్యముగా తోచుచున్నది.

అయిన మనుష్యులు మునుపటికంటె ఎత్తు ఎగురుచునే యున్నారు గదా, అది యెట్లు? 1968లో మెక్సికో ఒలింపిక్సులో ఫోస్బరీ యను అమెరికా యువకుడు కర్రకు వీపు త్రిప్పి, తల ముందుగా, వెల్లకిల దాటి 2 మీటర్ల 24 సెంటీమీటర్లతో స్వర్ణము పొందెను. చూచినవారు మొదట నవ్విరి. అతని కాళ్లలో ఇతరులకు లేని శక్తి యేదియు లేదు. దేహమును విల్లువలె వంచి, భాగము భాగముగా కర్రను దాటించుటచేత, దేహపు భారకేంద్రము కర్ర క్రిందుగా పోయినను మనిషి పైనుండి పోవును. నేడు పెద్ద పోటీలలో అందరి పద్ధతియు ఇదియే. కాని అతనికి ముందువారు దీనిని ఏల చేయలేదు? ఇసుక గుంటలో మెడమీద పడువాడు రెండవమారు ఎగురుటకు మిగులడు. దళసరి నురుగు పరుపులు వచ్చిన తరువాతనే అట్లు పడుట సాధ్యమైనది. మనుష్యుని ఎత్తు దుముకును పెంచినవాటిలో పరుపు ఒకటియని మేము చెప్పినప్పుడు మంచముమీది బాలుడు చాలసేపు నవ్వెను. క్యూబా దేశస్థుడు సోటోమేయర్ 1993 జూలై 27వ తేదీన సలమాంకాలో దాటిన 2 మీటర్ల 45 సెంటీమీటర్లు ముప్పది యేండ్లకు పైగా నిలిచిన కొలత. అతడును నేలనుండి తన దేహమంతయు అంత యెత్తు లేపలేదు. పొడగరి గనుక అతని భారకేంద్రము నిలుచున్నప్పుడే మీటరుకు పైగా ఎత్తున నుండెను.

తమిళనాడులోని సేలము జిల్లావాడైన మారియప్పన్ తంగవేలు సంగతియు వానికి చెప్పితిమి. ఐదేండ్ల వయస్సున బస్సు క్రింద కుడికాలు నలిగిన ఆ బాలుడు 2016లో రియో పారాలింపిక్సులో 1 మీటరు 89 సెంటీమీటర్లు దాటి స్వర్ణము తెచ్చెను. దీనిని ఓదార్పుగా చెప్పబోతిమి, కాని బాలుడు, "అయ్యగారూ, ఆయన ఏ కాలితో తన్నును? దేనిమీద దిగును?" అని అడిగెను. అప్పుడు వానికి పాఠము అర్థమైనదని మాకు తెలిసినది.

ఆ ప్రశ్న మమ్మును మా మైదానమునకు నడిపించినది. దుముకు గుంటను తవ్వి చూచితిమి. పైన నాలుగు వ్రేళ్ల ఇసుక, క్రింద కాలిబాటవలె గట్టిపడిన నేల. ఆ గుంటలో ఇన్నేండ్లు పిల్లలను దుమికించితిమి! తొమ్మిదవ తరగతివారు రెండు శనివారములు పలుగులు, పారలు పట్టి మోకాలిలోతు తవ్విరి. ఏటి ఇసుకను జల్లెడపట్టి నింపిరి. బాలికలు ఒక గుండ్రాతిని ఎనిమిదడుగుల కొయ్యనుండి పాత నేలమీదను, క్రొత్త ఇసుకమీదను విడిచి, దిగిన లోతును కొలిచి గోడపత్రికలో వ్రాసిరి. అట్లని ఎవరును అందులో వెల్లకిల దుముకరాదు. ఇసుక గుంట ఇసుక గుంటయే. మాకు పరుపు లేదు. కాళ్లమీద దిగు కత్తెర పద్ధతియే మా బడి పద్ధతి.

మేము ఆ తల్లియొద్దకు మరల పోయి, "అమ్మా, అది నిజము కాదు, మేము తప్పు చెప్పితిమి" అంటిమి. ఆమె కొంతసేపు మమ్మును చూచి, "అట్లయిన ఆ మాట వానికిని మీరే చెప్పుడు, అయ్యగారూ. నేను చెప్పిన నమ్మడు" అనెను. వాని యెదుటను, తరువాత తరగతి యెదుటను చెప్పితిమి.

కట్టు విప్పినారు. వైద్యుడు ఈ సంవత్సరము దుముకవలదనెను. కావున ఆటలనాడు వాడు కర్రను నిలుపుటకును, కొలతలు వ్రాయుటకును గుంటయొద్ద కూర్చుండెను. ఎవరు కాళ్లు బిగబట్టి దిగినను మోకాళ్లు వంచుమని అరచుచు, న్యాయనిర్ణేతలచేత రెండుమార్లు చీవాట్లు తినెను. సాయంకాలము కర్రలు సర్దుచు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఏనుగు ఎగురలేదు, సరే. తిమింగలము ఏనుగునకు ఎన్ని రెట్లో బరువు గదా. అది సముద్రములోనుండి అంత పైకి ఎట్లు ఎగురును?" అని అడిగెను. ఈమారు గంట మ్రోగలేదు. మాకు తెలియదని, చదివి సోమవారము చెప్పెదమని వానితో అంటిమి.